ఇంట్లో దెబ్బలు తింటున్న పేషెంటును ఫ్యామిలీ డాక్టరు ఎలా గుర్తించాలి, ఆ తర్వాత ఏం చేయాలి

మలక్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఏళ్ల తరబడి ఒకే సందులో క్లినిక్ నడుపుతున్న డాక్టరుకు చుట్టుపక్కల ఇళ్లన్నీ తెలుసు. అత్తగారి షుగరు, మామగారి స్టెంటు, భర్త బీపీ, పిల్లల టీకాలు అన్నీ ఆ చేతి మీదుగా పోయేవే. అదే ఇంటి కోడలు నెలకోసారి తలనొప్పి అంటూ వస్తే మాత్రం మైగ్రేన్ మాత్ర రాసి పంపేస్తాం. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగం. అడిగితే ఏం చెబుతుందో, చెప్పాక మనం ఏం చేయాలో తెలియక.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లైన స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామని చెప్పారు. దేశ సగటు 29.3. అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న తెలంగాణ స్త్రీలు 83.8 శాతం. డాక్టరుకు ఈ రెండో అంకే ముఖ్యం. మీ ఎదురుగా కూర్చున్నామె తనకు జరుగుతున్నదాన్ని హింస అనుకోకపోవచ్చు, సంసారమన్నాక మామూలే అనుకుంటూ ఉండొచ్చు. అందుకే తనంతట తాను చెప్పదు. హింసకు గురైనవాళ్లలో ఎవరో ఒకరి సాయం కోరినవాళ్లు దేశం మొత్తం మీద 14 శాతమే.

పట్టించుకోని డాక్టరు వల్ల నష్టం ఉంది. పట్టించుకుని పెద్దమనిషి అవతారం ఎత్తే డాక్టరు వల్ల అంతకన్నా ఎక్కువ నష్టం ఉంది. భర్తను పిలిచి మందలించడం, ఇద్దరినీ కూర్చోబెట్టి పంచాయితీ చేయడం, "పిల్లల మొహం చూసి సర్దుకో అమ్మా" అనడం, ఇవన్నీ మంచి మనసుతోనే చేస్తాం. ఆ రాత్రి ఇంట్లో దాని ఫలితం అనుభవించేది ఆమె. మీ పని చిన్నది: ఒంటరిగా మాట్లాడే అవకాశం కల్పించడం, అడగడం, నమ్మడం, వైద్యం చేయడం, సరిగ్గా రాయడం, సరైన చోటికి దారి చూపడం. దీన్ని ఓపీ రద్దీలోనే, ముందు కొంచెం సిద్ధమైతే, చేయొచ్చు.

1. పేషెంటు రాకముందే క్లినిక్‌ను సిద్ధం చేయండి

మొదట కావలసింది తలుపు వేసుకునే ఒక గది, లేదా కనీసం మాట బయటికి వినిపించని మూల. ఒక్క కర్టెన్ వెనక, బయట పదిమంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నచోట, ఎవరూ ఏమీ చెప్పరు. "పరీక్ష చేసే సమయంలో పేషెంటు ఒక్కరే లోపల ఉండాలి" అని తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టండి. అది అందరికీ వర్తించే నియమం అయినప్పుడు ఏ భర్తకూ అనుమానం రాదు. మీరు మగ డాక్టరైతే పరీక్ష చేసేటప్పుడు మహిళా సిబ్బంది పక్కన ఉండాలి కదా, ఇక్కడో చిక్కుంది. బస్తీ క్లినిక్కుల్లో నర్సు కూడా అదే బస్తీ అమ్మాయి. పేషెంటుకు ఆడపడుచు వరుసైనా కావొచ్చు. పరీక్ష అయ్యాక, మాటల సమయంలో ఆ అమ్మాయిని తలుపు దగ్గర, కనిపించేలా కానీ వినిపించనంత దూరంలో నిలబెట్టండి. లోపలి విషయం బయట పొక్కితే ఉద్యోగం ఉండదని ముందే స్పష్టంగా చెప్పండి.

రిసెప్షన్‌లో ఇంకో లోపం సరిచేసుకోవాలి. రిజిస్ట్రేషన్‌లో చాలామంది గృహిణుల పేరు పక్కన ఉండేది భర్త నంబరే. టెస్ట్ రిపోర్టులు, అపాయింట్‌మెంట్ మెసేజ్‌లు, ప్రిస్క్రిప్షన్ ఫొటోలు అన్నీ వాట్సాప్‌లో ఆయనకే పోతాయి. "మీ రిపోర్టులు ఏ నంబరుకు పంపమంటారు? ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది?" అని ప్రతి పేషెంటునూ అడగడం అలవాటు చేయండి.

హెల్ప్‌లైన్ నంబర్ల కాగితం హాల్లో అతికిస్తే చదివేవాళ్లను మిగతావాళ్లు చూస్తారు. లేడీస్ టాయిలెట్ తలుపు లోపలి వైపు అతికించండి. నంబరు మీద పెద్ద శీర్షిక అక్కర్లేదు.

2. అనుమానించాల్సిన సూచనలు తెలుసుకోండి

కమిలిన కన్నుతో వచ్చేవాళ్లు తక్కువ. ఎక్కువమంది దెబ్బ కనిపించకుండానే వస్తారు. "ఒళ్లంతా నొప్పులు సార్", "గుండె దడ", "నీరసం", "నిద్ర పడ్తలేదు", "కడుపుల మంట". రక్త పరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ, స్కానింగ్ అన్నీ నార్మల్. మళ్లీ నెలకు అదే బాధతో వస్తారు. ఇలాంటి ఫైలు లావవుతూ పోతుంటే ఇంకో స్కానింగ్ రాసే ముందు ఇంటి సంగతి అడగాలి. పొత్తికడుపు నొప్పి, పదేపదే వచ్చే మూత్ర ఇన్‌ఫెక్షన్, తెల్లబట్ట, కలయికలో నొప్పి, వద్దనుకున్న గర్భాలు, ఆలస్యంగా మొదలైన యాంటినేటల్ చెకప్‌లు (గర్భిణులకు చేసే పరీక్షలు) కూడా ఇందులోకే వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు హింస ఆగిపోతుందని అనుకోవద్దు. కొన్ని ఇళ్లలో అప్పుడే మొదలవుతుంది.

దెబ్బ కనిపించినప్పుడు కథకూ గాయానికీ పొంతన చూడండి. "బాత్‌రూంల జారిపడ్డ" అంటే మోచేయి, మణికట్టు, తుంటి దెబ్బతినాలి. రెండు చెంపలూ, చెవి వెనకా, పై చేతుల లోపలి వైపూ, రొమ్మూ, వీపూ కమిలితే అది జారిపడటం కాదు. ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక విరిగితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండొచ్చు. చెంపదెబ్బకు చెవి పొర చిరుగుతుంది. "చెవిలో గుయ్ మంటోంది" అని వచ్చినామెకు చుక్కల మందు రాసే ముందు లోపల చూడండి. పైట కప్పే చోట, చుడీదార్ చేతుల కింద మాత్రమే గాయాలుండటం, గాయమైన రెండు మూడు రోజులకు రావడం, ప్రతిసారీ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లడం, ఇవన్నీ కలిపి చూడాలి.

పక్కనున్న మనిషి ప్రవర్తన కూడా ఒక లక్షణమే. మీరు ఆమెను అడిగితే ఆయన జవాబు చెబుతాడు. ఆమె జవాబు చెప్పేముందు ఆయన మొహం చూస్తుంది. మరీ మర్యాదగా, మరీ శ్రద్ధగా ఉండే భర్తలు కూడా ఉంటారు. అరిచేవాడే కొడతాడనుకుంటే సగం మందిని వదిలేసినట్టే. చదువుకున్న ఇళ్లు, గేటెడ్ కమ్యూనిటీలు, ఐటీ ఉద్యోగాలు కూడా దీనికి మినహాయింపు కాదు. గచ్చిబౌలి ఫ్లాటులో చేయి చేసుకోవడం తక్కువై, జీతం కార్డు తీసుకోవడం, ఫోన్ లొకేషన్ చూస్తూ ఉండటం ఎక్కువ కావొచ్చు.

3. ఒంటరిగా దొరికించుకుని, సూటిగా అడగండి

వచ్చిన ప్రతి స్త్రీనీ యాంత్రికంగా ఈ ప్రశ్న అడగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పలేదు. అనుమానం కలిగించే లక్షణం ఉన్నప్పుడు అడగమంది. యాంటినేటల్ చెకప్‌ల విషయంలో మాత్రం, సిబ్బందికి శిక్షణ ఉంటే, అందరినీ అడగడం మంచిదన్న వైపు మొగ్గింది.

భర్త, అత్తగారు, మాటలొచ్చిన పిల్లలు, ఎవరి ముందూ అడగకూడదు. పిల్లవాడు సాయంత్రం నాన్నతో చెప్పేస్తాడు. పేషెంటు దక్కనీ ఉర్దూనో హిందీయో మాట్లాడితే, ఇంటివాళ్ల చేత అనువాదం చేయించొద్దు. బరువు చూడాలనో, మూత్రం పరీక్ష ఇవ్వాలనో పక్క గదిలోకి పంపితే చాలాసార్లు ఆ రెండు నిమిషాలు దొరుకుతాయి. భర్త కదలనంటే పట్టుబట్టకండి. "రేపు పొద్దున పరగడుపున షుగర్ చూడాలి, పదింటికి రామ్మా" అని ఆయన డ్యూటీలో ఉండే సమయానికి పిలవండి.

అడిగేటప్పుడు "హింస", "వేధింపులు" లాంటి పేపరు మాటలు వాడకండి. పైన చెప్పిన 83.8 శాతం గుర్తుంచుకోండి, ఆ మాట తనకు వర్తిస్తుందని ఆమె అనుకోదు. ఇలా మొదలుపెట్టొచ్చు:

"అమ్మా, ఇలా నిద్ర లేక వచ్చేవాళ్లలో కొందరికి ఇంట్లో ఇబ్బందులుంటాయి. అందుకే నేను అడుగుతుంటాను. మీ ఇంట్లో ఎలా ఉంది?"

"గొడవైనప్పుడు ఆయన చేయి చేసుకుంటారా?"

"ఇంట్లో ఎవరికైనా భయపడుతున్నారా?"

"మీకు ఇష్టం లేకపోయినా పక్కలో బలవంతం చేస్తారా?"

"మీ డబ్బులు, మీ ఫోన్ మీ చేతిలోనే ఉంటాయా? పుట్టింటివాళ్లతో మాట్లాడనిస్తారా?"

పాతబస్తీలో "ఘర్ మే కిసీ సే డర్ లగ్తా?" అన్న ఒక్క వాక్యం చాలు. అడిగాక ఆగండి. కంప్యూటర్ వైపు తిరిగి టైపు చేయకండి. నిశ్శబ్దం అర నిమిషం దాటితే మనకే టెన్షన్‌గా ఉంటుంది, అయినా దాన్ని మాటలతో నింపొద్దు.

ఆమె విప్పి చెప్పకముందే ఒక హద్దు తెలియజేయాలి: "మీరు చెప్పేది నేను మీ ఇంట్లో ఎవరికీ చెప్పను. పేషెంటు వయసు 18 లోపు అయితేనో, కాలిన గాయాలు, విషం, పెద్ద దెబ్బలు ఉంటేనో మాత్రం చట్టప్రకారం తెలియజేయాల్సి ఉంటుంది." 18 లోపు అమ్మాయికి పెళ్లైందన్నా, కాలేదన్నా పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం వర్తిస్తుంది. లైంగిక హింస తెలిసి పోలీసులకు చెప్పకపోతే డాక్టరుకు శిక్ష ఉంది.

"లేదు సార్, మంచిగనే ఉన్నది" అంటే ఒప్పుకోండి. "సరేనమ్మా. ఎప్పుడైనా ఇబ్బంది అనిపిస్తే ఇక్కడ చెప్పొచ్చు" అని అంతటితో వదిలేయండి. నిజం రాబట్టడం పోలీసు పని. అడిగారన్న సంగతి ఆమెకు గుర్తుంటుంది. మూడోసారి వచ్చినప్పుడు చెప్పేవాళ్లు ఎంతోమంది.

ఫోన్ కన్సల్టేషన్ అయితే పక్కన ఎవరున్నారో మీకు కనబడదు. "మీరొక్కరే ఉన్నారా? అవును, కాదు అని చెబితే చాలు" అని మొదలుపెట్టండి. కాదంటే మందుల గురించే మాట్లాడి క్లినిక్‌కు రమ్మనండి.

4. చెప్పినప్పుడు ఏమనాలి, ఏమనకూడదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సందర్భానికి చెప్పిన క్రమం ఐదు పనులు: వినడం, ఆమె అవసరమేమిటో అడగడం, ఆమెను నమ్ముతున్నట్టు చెప్పడం, ప్రమాదం తగ్గించడం, తోడు దొరికేలా చూడటం. వీటిలో మనవాళ్లకు కష్టమైనది మూడోది. "నువ్వేమన్నా ఎదురు మాట్లాడావా?" అని నోటికి వచ్చేస్తుంది. దాన్ని మింగేయండి. అనాల్సింది: "ఇందులో మీ తప్పు లేదు. ఏ కారణానికైనా కొట్టే హక్కు ఎవరికీ లేదు. నాకు చెప్పి మంచి పని చేశారు."

"వదిలేసి వచ్చెయ్" కూడా అనకండి. ధైర్యం చెప్పినట్టే ఉంటుంది కానీ, ఇల్లు వదిలే సమయం, వదలబోతున్నానని అతనికి తెలిసిన సమయం, అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. ఎప్పుడు, ఎలా అన్నది ఆమె నిర్ణయం. ఆమె ఉండిపోతానంటే ఆమెకు బుద్ధి లేదని కాదు. పిల్లల స్కూలు, పుట్టింటి పరిస్థితి, చెల్లెలి పెళ్లి, ఇవన్నీ మనకన్నా ఆమెకే బాగా తెలుసు.

5. ఈ రాత్రి ఇంటికి వెళితే ప్రమాదమా?

దీనికి వరుసగా ఆరు ప్రశ్నలున్నాయి. గత ఆరు నెలల్లో కొట్టడం ఎక్కువైందా? కత్తి, కర్ర, ఇంకేదైనా ఆయుధం వాడాడా, వాడతానని బెదిరించాడా? గొంతు పిసికాడా? చంపేస్తాడని మీకు అనిపిస్తోందా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఎప్పుడూ విపరీతమైన అనుమానంతో ఉంటాడా? వీటిలో మూడు లేదా అంతకుమించి అవునంటే ప్రమాదం ఎక్కువని లెక్క. అప్పుడు "వచ్చే వారం రండి" అనకూడదు, ఆమెను అడిగి ఆ క్షణమే తర్వాతి ఏర్పాటు చేయాలి.

గొంతు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే క్లినిక్కుల్లో మనం ఎక్కువగా జారవిడిచేది ఇదే. ఆమె దాన్ని పెద్ద విషయంగా చెప్పదు. "చున్నీ పట్టుకుని గుంజిండు" అంటుంది, అంతే. గొంతు నులిమిన భర్త తర్వాతి రోజుల్లో చంపే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. కాబట్టి ప్రత్యేకంగా అడగండి: చేతులతో, మోచేతితో, చున్నీతో, చార్జర్ వైరుతో. మెడ మీద ఏ మచ్చా లేకపోయినా లోపల దెబ్బ ఉండొచ్చు. గొంతు బొంగురు పోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, ఆ సమయంలో స్పృహ తప్పడం, తెలియకుండా మూత్రం పోవడం, జరిగింది గుర్తు లేకపోవడం, ఒక పక్క బలహీనత, వీటిలో ఏది ఉన్నా మెడ రక్తనాళాల సీటీ యాంజియో చేసే పెద్దాసుపత్రికి పంపాలి. మెడలోని కరోటిడ్ నాళం చిరిగితే పక్షవాతం రోజుల తర్వాత కూడా రావొచ్చు. గర్భిణి అయితే బిడ్డ గుండె చప్పుడు కూడా చూడండి.

ఇక "చచ్చిపోవాలని ఉందా?" అన్న ప్రశ్న. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో ఏముందో కూడా అడగండి. మన దగ్గర పురుగుమందుతో పాటు తలకు వేసుకునే నల్ల రంగు తాగే కేసులు ఎక్కువ. అది తాగితే కొన్ని గంటల్లోనే మెడ, నాలుక వాచి ఊపిరి ఆగుతుంది, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. అలా వచ్చినామెను క్లినిక్‌లో అబ్జర్వేషన్‌లో పెట్టుకోకుండా గాలిగొట్టం వేయగల ఆసుపత్రికి వెంటనే పంపాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఇంటివాళ్లు దాచిపెడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట వాళ్లకు చెబితే నిజం బయటికొస్తుంది. మనసు బాధకు టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

6. వైద్యంలో మూడు జాగ్రత్తలు

నిద్ర మాత్రలు. ఆల్‌ప్రాజోలం రాసి పంపడం సులువు. మత్తులో ఉన్న మనిషి దెబ్బ తప్పించుకోలేదు, పిల్లలను తీసుకుని బయటికి పరుగెత్తలేదు. అతిగా మింగితే ప్రాణం తీసే డిప్రెషన్ మాత్ర అమిట్రిప్టిలిన్ ఇంట్లో ఒక స్ట్రిప్పు పెట్టామంటే ఆత్మహత్యకు సాధనం మనమే ఇచ్చినట్టు. డిప్రెషన్‌కు మందు అవసరమైతే అతిగా మింగినా ప్రమాదం తక్కువుండేది ఎంచుకుని, వారానికి సరిపడా ఇచ్చి మళ్లీ పిలవండి.

గర్భం. భర్త గర్భనిరోధక మాత్రలు పారేస్తుంటే, వాటికి బదులు మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, ఇంట్లో ఆనవాలు ఉండదు. బలవంతం జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలుపెట్టొచ్చు, అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేస్తే అంత మేలు. అబార్షన్‌కు మేజర్ అయిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. "భర్త సంతకం కావాలి" అనడం చట్టంలో లేదు, అయినా ఊరంతా అడుగుతూనే ఉంటారు. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా, అబార్షన్ చట్టం వరకు, అత్యాచారం వల్ల వచ్చినట్టే చూడాలని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడోది గాయాల వయసు. కమిలిన రంగు చూసి "మూడు రోజుల కిందటి దెబ్బ" అని తేల్చకండి, రంగును బట్టి వయసు కచ్చితంగా చెప్పలేం. ఉన్నది ఉన్నట్టు చూసి రాయడమే మన పని. ఇది వచ్చే మెట్టుకు దారి తీస్తుంది.

7. రాయండి, రేపు కోర్టు చదువుతుందన్నట్టు రాయండి

ఏళ్ల తర్వాత ఆమె పిల్లల కస్టడీ కోసమో భరణం కోసమో కోర్టుకెక్కితే, ఆ రోజు మీరు రాసిన నాలుగు వాక్యాలే ఆమెకున్న ఆధారం కావొచ్చు. "గాయాలు ఉన్నాయి" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎడమ పై చేయి వెలుపల, 4 సెంటీమీటర్లు x 2 సెంటీమీటర్లు, ఊదా రంగు కమిలిన గాయం, అని ఒక్కోదాన్నీ విడిగా రాయండి. మనిషి బొమ్మ గీసి గుర్తు పెట్టండి. ఆమె మాటలను ఆమె మాటల్లోనే రాయండి: "నిన్న రాత్రి భర్త బెల్టుతో కొట్టాడని రోగి చెప్పింది." మీ అభిప్రాయం అక్కర్లేదు. గాయం ఆమె చెప్పినదానికి సరిపోతోందా అన్నది ఒక వాక్యం చాలు.

ఫొటోలు ఆమె అనుమతితోనే, పక్కన స్కేలు పెట్టి తీయాలి. మీ సొంత ఫోన్‌తో తీసి స్నేహితుల డాక్టర్ల గ్రూపులో సలహా అడగడం మహా నేరం అనుకోండి. ఈ వివరాలు ఆమె చేతికిచ్చే ఓపీ చీటీ మీద రాయొద్దు. ఆ చీటీ ఇంట్లో అందరూ చదువుతారు. దాని మీద "ఒళ్లు నొప్పులు" అని రాసి, అసలు నోట్ మీ రికార్డులో పెట్టి తాళం వేయండి.

కేసు రాయాల్సిన పెద్ద దెబ్బలు, కాలిన గాయాలు, విషం అయితే ముందు ప్రథమ చికిత్స చేసి, ఎమ్మెల్సీ (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య రికార్డు) నమోదయ్యే గాంధీకో ఉస్మానియాకో మీరేం చూశారో ఏం చేశారో రాసిన లెటర్‌తో పంపండి. "ముందు పోలీసు కాగితం తెండి" అని వెనక్కి పంపడం తప్పు. 2005 గృహహింస చట్టం, 2006 నిబంధనల ప్రకారం, బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు. అంతకుముందు గృహహింస నివేదిక నమోదు కాకపోతే ఆసుపత్రి బాధ్యులే ఆ నివేదికకు ఉన్న ఫారం-1 నింపి, ఆ చట్టం కింద నియమించిన ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు పంపాలి. పరీక్ష నివేదిక కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఫారం పంపే ముందు దాని వల్ల ఏం జరుగుతుందో ఆమెకు చెప్పండి. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లపై ఏ కేసూ నిలవదని అదే చట్టం చెబుతోంది కాబట్టి కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం కొంచెం తగ్గించుకోండి.

8. ఒంటరిగా మోయకండి, అప్పగించే చోటు ముందే చూసుకోండి

లండన్ హాక్నీలో, బ్రిస్టల్‌లో ఫ్యామిలీ డాక్టర్ల మీద జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. కొన్ని క్లినిక్కుల సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఫోన్ చేస్తే వెంటనే స్పందించే ఒక సహాయకురాలిని వాళ్లకు జత చేశారు. మిగతా క్లినిక్కులను అలాగే వదిలేశారు. శిక్షణ పొందినచోట ఏడాదిలో 223 మంది స్త్రీలను సహాయకుల దగ్గరికి పంపినట్టు రికార్డయింది, మిగతాచోట 12 మందిని. నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఆ సహాయకురాలే. ఎవరికి అప్పగించాలో తెలిసిన డాక్టరు ధైర్యంగా అడుగుతాడు.

హైదరాబాద్‌లో ఎవరున్నారంటే: మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. పోలీసు శాఖ 2016లో మొదలుపెట్టిన భరోసా కేంద్రంలో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా ఒకే కప్పు కింద ఉంటాయి. ప్రభుత్వం బాధిత స్త్రీల కోసం పెట్టిన సఖి కేంద్రాల్లో ఐదు రోజుల వరకు తలదాచుకోవచ్చు. భూమిక సంస్థ నడిపే హెల్ప్‌లైన్ 1800 425 2908. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. పిల్లలు కూడా దెబ్బలు తింటుంటే 1098. ఈ నంబర్లన్నిటికీ ఒక ఖాళీ మధ్యాహ్నం మీరే ఫోన్ చేసి చూడండి. ఎవరు ఎత్తుతున్నారు, ఏ భాషలో మాట్లాడుతున్నారు, రాత్రిపూట పలుకుతారా అన్నది మీకు తెలిసి ఉంటే ఆమెకు నమ్మకంగా చెప్పగలరు. వీలైతే మీ క్లినిక్ ఫోన్ నుంచే ఆమెను మాట్లాడించండి, ఆమె ఫోన్‌లో కాల్ లాగ్ మిగలదు.

చట్టం గురించి ఆమెకు ఒక్క సంగతి చెబితే చాలు: గృహహింస చట్టం కింద విడాకులు అడగకుండానే, ఇల్లు ఖాళీ చేయకుండానే, మేజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు పొందొచ్చు. పెళ్లి కాకుండా కలిసి ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. చాలామంది భయపడేది భార్యను వేధించిన భర్త మీద, అతని బంధువుల మీద పెట్టే 498ఎ గురించి. అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, క్రిమినల్ కేసు. గృహహింస చట్టం కింద అడిగేది వేరు.

వెళ్లే ముందు ఆమెతో కలిసి ఒక చిన్న ఏర్పాటు ఆలోచించండి. గొడవ మొదలైతే వంటగదిలోకి, బాత్‌రూంలోకి పోకుండా తలుపున్న వైపు రావాలి. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌బుక్, కొంత డబ్బు నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచాలి. నమ్మదగిన పొరుగామెతో ఒక సైగ అనుకోవాలి. 181ని ఏ గ్యాస్ ఏజెన్సీ పేరుతోనో సేవ్ చేసుకోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ స్త్రీలకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. చేతిలో రూపాయి లేకపోయినా ఆధార్ ఉంటే ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి చేరొచ్చు. ఇలాంటివి మనకు చిన్నగా కనిపిస్తాయి.

9. భర్త కూడా మీ పేషెంటే అయినప్పుడు

ఫ్యామిలీ డాక్టరుకు వచ్చే అసలు చిక్కు ఇదే. ఆయన బీపీకి వస్తాడు, నవ్వుతూ నమస్తే పెడతాడు. ఆమె చెప్పింది మీ మొహంలో కనబడకూడదు. ఆయన ఫైలులో ఆమె గురించి ఒక్క మాట ఉండకూడదు, "అమ్మ ఎలా ఉన్నారు" అన్న గొంతు కూడా మారకూడదు. "మా ఆవిడ మీకేం చెప్పింది?" అని నిలదీస్తే, "ఎవరి విషయం వాళ్లకే చెబుతాను, మీ విషయం కూడా ఆమెకు చెప్పను కదా" అనండి. అత్తగారికీ అదే జవాబు.

తాగుడుకు చికిత్స చేయండి, తప్పకుండా. కానీ తాగుడు మానితే కొట్టడం మానుతాడని ఆమెకు హామీ ఇవ్వకండి; తాగకుండా కొట్టేవాళ్లు ఎంతమందో. ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్‌కు పంపకండి. అక్కడ ఆమె నిజం చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు, చెప్పకపోతే కౌన్సెలింగ్ దండగ. ఆయనంతట ఆయనే "కోపం ఆగట్లేదు డాక్టర్, చెయ్యి లేస్తోంది" అంటే మాత్రం ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి, ఆమె ప్రస్తావన లేకుండా ఆయనకు విడిగా సైకియాట్రిస్టు దగ్గరికి దారి చూపండి.

మగవాళ్లూ దెబ్బలు తిని వస్తారు, అరుదుగా. గృహహింస చట్టం కింద వాళ్లకు ఆశ్రయం లేదు గానీ, ఒంటరిగా అడగడం, నమ్మడం, గాయం రాయడం అన్నీ వాళ్లకూ అవే.

10. మళ్లీ రప్పించండి

ఏదో ఒక సాకు కావాలి, ఇంట్లో ఎవరూ ప్రశ్నించనిది. రక్తం తక్కువుందనో, విటమిన్ డి ఇంజెక్షన్ అనో, థైరాయిడ్ మళ్లీ చూడాలనో తేదీ ఇవ్వండి. రాకపోతే ఫోన్ చేసి "టెస్ట్ ఉంది" అన్నంత వరకే చెప్పమని రిసెప్షన్‌కు చెప్పండి. వచ్చినప్పుడు "కేసు పెట్టావా?" అని అడగకండి. "ఈ వారం ఎలా ఉంది? ఆ ఆరు ప్రశ్నల్లో ఏదైనా మారిందా?" అని మళ్లీ చూడండి, ఎందుకంటే ప్రమాదం నెల నెలకూ మారుతుంది. చాలామంది మళ్లీ అదే ఇంటికి వెళతారు, కొందరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. చిరాకు పడితే ఆ తర్వాత రావడం మానేస్తారు.

నంబర్ల కాగితాన్ని ఆరు నెలలకోసారి సరిచూసి మార్చండి. ఆ పని అప్పగించేటప్పుడు మీ నర్సుతో, రిసెప్షన్ అమ్మాయితో, ఊడ్చే ఆంటీతో కూడా ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చుని ఇవే ప్రశ్నలు అడగండి. సర్వేలో తేలిన 36.9 శాతంలో వాళ్లూ ఉండొచ్చు.